గ్నూక్యాష్ వదలకుండా ఈ-ఇన్వాయిస్ వేయడం ఎలా?

బెజవాడ_పైప్స్ అడిగిన ప్రశ్న

పీవీసీ పైపులు, ఫిట్టింగులు, వ్యవసాయ మోటార్లు, డ్రిప్ సామాను హోల్‌సేల్ వ్యాపారం. భాగస్వామ్య సంస్థ, రిజిస్ట్రేషన్ ఆంధ్రప్రదేశ్‌ది. 2024-25లో టర్నోవర్ మొదటిసారి 5 కోట్లు దాటింది కాబట్టి 1 ఏప్రిల్ 2025 నుంచి బీటుబీ (వ్యాపారులకి వేసే) బిల్లులన్నీ ఈ-ఇన్వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయాల్సిన బిల్లు) కిందికి వచ్చాయి.

లెక్కలన్నీ ఉబుంటు మీద గ్నూక్యాష్ అనే ఉచిత లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి, ఫైలు ఎస్‌క్యూలైట్ డేటాబేస్ రూపంలో. రోజుకి 20, 25 బీటుబీ బిల్లులు, ఒక్కోదానిలో ఐదు నుంచి పది లైన్లు. కొనేవాళ్లలో కొందరు ఖమ్మం, కోదాడ, సూర్యాపేట వైపు వాళ్లు. ప్రస్తుతం బిల్లు గ్నూక్యాష్‌లో ఒకసారి, పోర్టల్‌లో ఇంకోసారి కొడుతున్నాం. పని రెండింతలు, అంకెలు కూడా తేడా వస్తున్నాయి.

అడగాల్సినవి ఇవీ. గ్నూక్యాష్ నుంచి నేరుగా జేసన్ (పోర్టల్ తీసుకునే డేటా ఫైలు) తీయొచ్చా? ఏపీఐ కనెక్షన్ (సాఫ్ట్‌వేరే నేరుగా పోర్టల్‌కి బిల్లు పంపే ఏర్పాటు) తీసుకోక తప్పదా? తిరిగొచ్చిన ఐఆర్‌ఎన్ (బిల్లుకి పోర్టల్ ఇచ్చే గుర్తింపు నంబరు), క్యూఆర్ కోడ్ ఎక్కడ దాచి ఎలా ప్రింటు చేయాలి? 2025 సెప్టెంబరులో రేట్లు మారాయి కదా, పాత బిల్లుల మీద సరుకు వెనక్కొస్తే ఏ రేటు వేయాలి? లేక ఇవన్నీ మానేసి, లెక్కలు, స్టాకు రెండూ నడిపే ఈఆర్‌పీనెక్స్ట్‌కి మారిపోవడమే మేలా?

పన్ను_పద్దు జవాబు

స్క్రిప్టు రాయడానికి కూర్చునే ముందు మాస్టర్ డేటా (పార్టీల, సరుకుల వివరాలు) శుభ్రం చేయండి. పోర్టల్ తిప్పికొట్టే బిల్లుల్లో చాలావాటికి కారణం అక్కడే ఉంటుంది.

మొదట జీఎస్టీఐఎన్‌లు, అంటే పార్టీల జీఎస్టీ నంబర్లు. 15 అక్షరాల్లో చివరిది చెక్ డిజిట్, దాన్ని ఎవరైనా లెక్కకట్టొచ్చు. మొదటి 14 అక్షరాలకి 0 నుంచి 35 దాకా విలువలివ్వండి: అంకెలకి వాటి విలువే, ఇంగ్లీషు అక్షరాల్లో మొదటిదానికి 10, చివరిదానికి 35. ఎడమ నుంచి వరసగా 1, 2, 1, 2 చొప్పున గుణించండి. ప్రతి లబ్ధాన్నీ 36తో భాగించి భాగఫలం, శేషం రెండూ మొత్తంలో కలపండి. ఆ మొత్తాన్ని 36తో భాగించగా మిగిలిన శేషాన్ని 36లోంచి తీసేస్తే చెక్ డిజిట్ విలువ వస్తుంది (శేషం సున్నా అయితే అదీ సున్నానే). పార్టీ పేరు ఎక్కించేటప్పుడే ఇది పరీక్షిస్తే టైపు తప్పులు దాదాపు అన్నీ గుమ్మంలోనే ఆగిపోతాయి. నంబరు సరిగానే ఉండి రిజిస్ట్రేషన్ రద్దయిన పార్టీలని మాత్రం ఇది పట్టుకోలేదు. వాళ్లని పోర్టల్‌లో వెతికి చూడాల్సిందే.

రెండోది రాష్ట్రం కోడు. ఆంధ్రప్రదేశ్ 37, తెలంగాణ 36. వ్యాట్ కాలం నుంచి లాక్కొచ్చిన పార్టీల లిస్టుల్లో 28 ఇంకా కనిపిస్తుంటుంది. కొన్ని సాఫ్ట్‌వేర్ల రాష్ట్రాల జాబితాలో "ఆంధ్రప్రదేశ్" రెండుసార్లు ఉండటానికి కారణం అదే. 37 ఒక్కటే ఉంచండి.

మూడోది పిన్. పిన్ ఆ రాష్ట్రానిదా కాదా అని పోర్టల్ సరిచూస్తుంది, కాకపోతే 3039 ఎర్రర్ ఇస్తుంది. మామూలుగా 50తో మొదలైతే తెలంగాణ. 51, 52, 53 అయితే ఆంధ్ర. స్క్రిప్టులో ఈ సూత్రం గట్టిగా బిగించకండి. 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రలో కలిసిన చింతూరు, కూనవరం, కుక్కునూరు లాంటి మండలాల పిన్‌లు 507తోనే మొదలవుతాయి. అక్కడి పార్టీకి రాష్ట్రం 37, పిన్ 507. మీకు ఏజెన్సీ వైపు డ్రిప్, మోటార్ల పార్టీలుంటే వాళ్ల పిన్‌లు పోర్టల్ మాస్టర్ జాబితాలో ఏ రాష్ట్రం కింద ఉన్నాయో మొదటి బిల్లుకి ముందే చూసుకోండి.

ఇక హెచ్‌ఎస్‌ఎన్, అంటే సరుకు రకం కోడు. 5 కోట్లు దాటిన వాళ్లు 6 అంకెలు రాయాలి. ఫిట్టింగులకి 3917 అని నాలుగంకెలు వేసి వదిలేస్తే కుదరదు, 391740 వేయాలి. 2025 మే నెల రిటర్ను నుంచి జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను) టేబుల్ 12లో హెచ్‌ఎస్‌ఎన్‌ని జాబితాలోంచే ఎంచుకోవాలి, బీటుబీ, బీటుసీ (రిజిస్ట్రేషన్ లేని కొనుగోలుదార్ల) అమ్మకాలు విడివిడిగా చూపాలి. ఐటెం మాస్టర్ సరిగ్గా లేకపోతే ఆ బరువంతా నెలాఖరున మీద పడుతుంది.

బిల్లు నంబరు 16 అక్షరాలు మించకూడదు. అక్షరాలు, అంకెలు, అడ్డగీత, ఏటవాలు గీత తప్ప ఇంకేవీ ఉండకూడదు. సున్నాతో గానీ గీతతో గానీ మొదలవకూడదు. 1 జూన్ 2025 నుంచి పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడా కూడా పోయింది, రెండూ ఒకటే నంబరు కింద లెక్క. గ్నూక్యాష్‌లో ఫైల్ మెనూ, ప్రాపర్టీస్, కౌంటర్స్ ట్యాబ్‌లో ఇన్వాయిస్ నంబరు ఫార్మాట్ ఉంటుంది. అక్కడ "విజె/25-26/0001" తరహాలో పెట్టుకుంటే ఇంగ్లీషులో 13 అక్షరాలే అవుతుంది. ఏటా ఏప్రిల్ 1న సంవత్సరం భాగం మార్చి కౌంటర్‌ని సున్నాకి తేవడం మరిచిపోకండి. క్రెడిట్ నోట్లకి (పాత బిల్లుని తగ్గించే కాగితాలకి) వేరే ప్రిఫిక్స్ ఇచ్చి వేరే సిరీస్ నడపండి.

పాము_లెక్కలు జవాబు

జేసన్ తీయొచ్చు, తీసే మార్గం కూడా కష్టమేం కాదు. రోజుకి 25 బిల్లులకి ఏపీఐ అక్కర్లేదు. ఈ-ఇన్వాయిస్ పోర్టల్‌లో బల్క్ అప్‌లోడ్ ఉంది. ఒకే జేసన్ ఫైల్లో ఆ పూట బిల్లులన్నీ పెట్టి ఎక్కిస్తే ఐఆర్‌ఎన్‌లు ఒకేసారి వస్తాయి. తప్పున్నవి మాత్రం ఎర్రర్లతో విడిగా మిగిలిపోతాయి, వాటినే దిద్ది మళ్లీ ఎక్కించాలి.

గ్నూక్యాష్ ఎస్‌క్యూలైట్ ఫైల్లో మీకు ముఖ్యంగా కావాల్సిన పట్టికలు నాలుగు: ఇన్వాయిసెస్, ఎంట్రీస్, కస్టమర్స్, ట్యాక్స్‌టేబుల్ ఎంట్రీస్. పైథాన్ ఎస్‌క్యూలైట్ లైబ్రరీతో రీడ్-ఓన్లీగా తెరిచి చదవండి, ఆ ఫైల్లోకి ఏదీ రాయకండి. జాగ్రత్త పడాల్సిన చోట్లు ఇవి.

మొత్తాలు అక్కడ దశాంశాలుగా ఉండవు, భిన్నాలుగా ఉంటాయి. ధర 125.50 అంటే లవం 12550, హారం 100. ఫ్లోట్‌లోకి (ఉజ్జాయింపు దశాంశంలోకి) మార్చకుండా డెసిమల్‌లోనే లెక్క కట్టండి. పైథాన్ డెసిమల్ మామూలుగా సరిసంఖ్య వైపు రౌండ్ చేస్తుంది. 100.50 మీద 9 శాతం 9.045, అది మీకు 9.04 ఇస్తుంది, బిల్లు మీద 9.05 ఉంటుంది. రౌండ్ హాఫ్ అప్ అని స్పష్టంగా రాయండి. 18 శాతం ఒకసారి లెక్కకట్టి సగానికి కోయడం కూడా వద్దు. 101.05 మీద 18 శాతం 18.19 అవుతుంది, దాన్ని రెండు సమాన భాగాలుగా పైసల్లో పంచలేం. సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ (కేంద్రం, రాష్ట్రం వాటాలు) రెండూ సమానంగా లేకపోతే పోర్టల్ తీసుకోదు. 9 శాతం ఒక్కసారి కట్టి అదే అంకె రెండు చోట్లా పెట్టండి. బిల్లు మొత్తంలో ఒక రూపాయి దాకా తేడాని పోర్టల్ భరిస్తుంది, కానీ దాన్ని నమ్ముకోకండి. రౌండాఫ్‌ని దాని ఫీల్డులోనే చూపండి.

క్రెడిట్ నోట్లు ఇంకో మెలిక. గ్నూక్యాష్ వాటి పరిమాణాన్ని లోపల మైనస్ గుర్తుతో దాస్తుంది, అది క్రెడిట్ నోట్ అన్న సంగతి స్లాట్స్ పట్టికలో విడిగా ఉంటుంది. పోర్టల్‌కి మాత్రం అంకెలన్నీ ప్లస్‌లోనే వెళ్లాలి, రకం దగ్గర క్రెడిట్ నోట్ అని చెప్పాలి. గుర్తు తిప్పకుండా పంపితే మొత్తం బిల్లు వెనక్కొస్తుంది.

తేదీలు యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటాయి. మన అర్ధరాత్రి అక్కడ ముందురోజు 18:30 అవుతుంది. నేరుగా మొదటి పది అక్షరాలు కోసి తేదీగా వాడితే కొన్ని బిల్లులు ఒక రోజు వెనక్కి జరుగుతాయి. మార్చి 31, ఏప్రిల్ 1 దగ్గర అలా జరిగితే ఆర్థిక సంవత్సరమే మారిపోతుంది, దాంతో ఐఆర్‌ఎన్ కూడా. భారత సమయానికి మార్చాకే తేదీ తీయండి. ఈ-ఇన్వాయిస్‌లో తేదీ 07/11/2025 అని ఏటవాలు గీతలతో రాయాలి, జీఎస్టీఆర్-1 జేసన్‌లో 07-11-2025 అని అడ్డగీతలతో.

గ్నూక్యాష్‌కి ఐటెం మాస్టర్ లేదు, దీనికో ఏర్పాటు కావాలి. ప్రతి లైను వివరణలో మొదట చిన్న కోడు రాయడం అలవాటు చేసుకోండి. ఆ కోడుకి ఎదురుగా హెచ్‌ఎస్‌ఎన్, యూనిట్, రేటు, అమల్లోకి వచ్చిన తేదీ ఉండే సీఎస్‌వీ ఫైలు వేరే పెట్టుకోండి. కోడు లేని లైను ఉంటే స్క్రిప్టు అక్కడే ఆగిపోవాలి, ఊహించి నింపకూడదు. కస్టమర్ పేజీలో నోట్స్‌లో జీఎస్టీఐఎన్, చిరునామా నాలుగో వరుసలో పిన్ మాత్రమే అని నియమం పెట్టుకోండి.

సీజీఎస్టీ-ఎస్‌జీఎస్టీ వేయాలా ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకం పన్ను) వేయాలా అన్నది గ్నూక్యాష్‌కి తెలియదు, మీరు ఎంచుకున్న ట్యాక్స్ టేబుల్ ఏదైతే అదే వేస్తుంది. అందుకే స్క్రిప్టు సరఫరా స్థలాన్ని బట్టి పన్నుని సొంతంగా కట్టి, గ్నూక్యాష్‌లో పోస్టయిన అంకెతో పోల్చాలి. పైసా తేడా ఉన్నా ఆ బిల్లు ఫైల్లోకి వెళ్లకూడదు.

ఇక ముఖ్యమైనది. గ్నూక్యాష్‌లో పోస్ట్ చేసిన బిల్లుని అన్‌పోస్ట్ చేసి మార్చేయొచ్చు. ఐఆర్‌ఎన్ వచ్చాక ఎవరైనా అలా మారిస్తే పుస్తకం ఒకటి చెబుతుంది, పోర్టల్ ఇంకోటి చెబుతుంది. దీనికి విడిగా ఒక చిన్న ఎస్‌క్యూలైట్ ఫైలు పెట్టండి. బిల్లు నంబరు, పంపిన జేసన్ మొత్తం, దాని ఎస్‌హెచ్‌ఏ-256 (వేలిముద్ర లాంటి హ్యాష్), వచ్చిన ఐఆర్‌ఎన్, ఎక్‌నాలెడ్జ్‌మెంట్ నంబరు, తేదీ, క్యూఆర్ టెక్స్టు అందులో దాచండి. రోజూ రాత్రి పాత బిల్లుల జేసన్ మళ్లీ తయారుచేసి హ్యాష్‌లు పోల్చండి. తేడా వచ్చిన బిల్లు పేరు తెల్లారేసరికి కళ్లముందు ఉంటుంది. ఇదొక్కటి లేకపోతే మిగతా స్క్రిప్టు ఎంత బాగున్నా లాభం లేదు.

బిల్లు ప్రింటు గ్నూక్యాష్ నుంచి కాకుండా ఈ ఫైలు నుంచే తీయండి. క్యూఆర్ టెక్స్టు పొడవైన సంతకం చేసిన టోకెన్, దాన్ని ఒక్క అక్షరం కూడా ముట్టుకోకూడదు. క్యూఆర్ చేసేటప్పుడు ఎర్రర్ కరెక్షన్ "ఎల్" (కనిష్ఠ స్థాయి) పెట్టండి. 1273 బైట్లు "ఎల్"లో 117 గడుల చదరంలో సరిపోతాయి, "హెచ్"లో (గరిష్ఠ స్థాయిలో) అవే బైట్లకి 177 గడులు కావాలి. 203 డీపీఐ థర్మల్ ప్రింటర్ మీద గడికి మూడు చుక్కలిచ్చి, చుట్టూ నాలుగేసి గడుల ఖాళీ వదిలితే 117 గడుల కోడు సుమారు 47 మిల్లీమీటర్లు వస్తుంది, 80 మిల్లీమీటర్ల కాగితంలో పడుతుంది. అంతకంటే కుదిస్తే దారిలో తనిఖీ దగ్గర ఫోన్లు చదవలేవు.

ప్రాక్టీసు కోసం అసలు పోర్టల్‌లో ఉత్తుత్తి బిల్లు ఎక్కించకండి, అది నిజం బిల్లే అవుతుంది. ఎన్‌ఐసీ (పోర్టల్ నడిపే ప్రభుత్వ సంస్థ) ఇచ్చే ఎక్సెల్ టూల్‌లో అదే బిల్లు కొట్టి జేసన్ చేయించి, మీ స్క్రిప్టు జేసన్ పక్కన పెట్టి ఫీల్డు ఫీల్డూ పోల్చండి. అందులో మాక్రోలున్నాయి కాబట్టి విండోస్ ఎక్సెల్ ఉన్న మెషిన్ ఒకటి కావాలి, లిబ్రె ఆఫీసుతో కుదరదు.

బెజవాడ_పైప్స్

ఇద్దరికీ ధన్యవాదాలండీ. ఇంకో మూడు సందేహాలు. పైపులు మేం "లెంగ్త్" లెక్కన అమ్ముతాం, ఆ యూనిట్ జాబితాలో లేదు. హైదరాబాదులో అదే పాన్ మీద 36 రిజిస్ట్రేషన్‌తో గోడౌన్ ఉంది, అక్కడికి సరుకు పంపితే అది అమ్మకం కాదు కదా? ఖమ్మం పార్టీకి బిల్లు వేసి సరుకు జగ్గయ్యపేట సైటులో దింపమంటే పన్ను ఏది?

పన్ను_పద్దు

లెంగ్త్‌కి రెండు దారులు: నంబర్లు లేదా మీటర్లు. 3 మీటర్లవీ 6 మీటర్లవీ రెండూ అమ్ముతుంటే మీటర్లే మేలు. నంబర్లు వేస్తే చిన్నవీ పెద్దవీ ఒకే లెక్కలో కలిసిపోయి టేబుల్ 12లో పరిమాణానికి అర్థం ఉండదు. ఏది ఎంచుకున్నా సంవత్సరం మధ్యలో మార్చకండి.

హైదరాబాద్ గోడౌన్‌కి పంపితే ఈ-ఇన్వాయిస్ కావాలి. పాన్ ఒకటే అయినా జీఎస్టీ చట్టంలో 37, 36 రిజిస్ట్రేషన్లు వేర్వేరు వ్యక్తులు. డెలివరీ చలాన్‌తో పంపి వదిలేయడం ఇక్కడ తరచూ జరిగే పొరపాటు. ఐజీఎస్టీతో బిల్లు వేయాలి, ఐఆర్‌ఎన్ తీయాలి. గ్నూక్యాష్‌లో ఆ గోడౌన్‌ని కస్టమర్‌గా సృష్టించండి, కానీ అమ్మకాల ఖాతాలో కాకుండా బ్రాంచి బదిలీ ఖాతాలో పోస్ట్ చేయండి. లేకపోతే లాభనష్టాల పట్టికలో టర్నోవర్ ఉబ్బిపోతుంది.

ఖమ్మం పార్టీ మాట మీద జగ్గయ్యపేటలో ఇంకొకరికి డెలివరీ ఇస్తే: సరఫరా స్థలం బిల్లు ఎవరి పేరునో వాళ్ల ప్రధాన వ్యాపార స్థలం, అంటే తెలంగాణ. ఐజీఎస్టీ పడుతుంది. సరుకు ఆంధ్ర దాటకపోయినా సరే. జేసన్‌లో కొనుగోలుదారుగా ఖమ్మం పార్టీ, షిప్పింగ్ వివరాల్లో జగ్గయ్యపేట చిరునామా పెట్టండి. స్క్రిప్టు దింపిన చోటు పిన్ చూసి పన్ను నిర్ణయిస్తే ఇక్కడ తప్పులో పడుతుంది.

బెంచ్_బాబ్జీ జవాబు

పాము_లెక్కలు గారి పద్ధతి నడుస్తుంది, ఒక మనిషి దాన్ని పట్టించుకుంటున్నంత కాలం. స్టాకు, రెండు గోడౌన్లు, రెండు రిజిస్ట్రేషన్లు ఉన్న సంస్థకి నేనైతే ఈఆర్‌పీనెక్స్ట్ చెబుతాను. 14వ వెర్షన్ నుంచి భారత పన్నుల భాగం ఇండియా కంప్లయన్స్ అనే విడి యాప్‌లో ఉంది, అదీ ఓపెన్ సోర్సే. అందులోంచి ఏపీఐ కాల్స్‌కి మాత్రం క్రెడిట్లు కొనాలి. సర్వరుకి కనీసం 4 జీబీ మెమొరీ, రోజువారీ బ్యాకప్ ఉండాలి.

మారేవాళ్లు మొదటిరోజే తగిలే రాయి ఒకటుంది. సేల్స్ ఇన్వాయిస్ పాత డిఫాల్ట్ నంబరు "ఏసీసీ-ఎస్‌ఐఎన్‌వీ-2025-00001" తరహాలో ఉంటుంది, ఇంగ్లీషులో లెక్కపెడితే 19 అక్షరాలు. 16 దాటింది కాబట్టి చెల్లదు. ముందుభాగం తీసేసి సంవత్సరం రెండంకెలు పెట్టుకుంటే "ఎస్‌ఐఎన్‌వీ-25-00001", 13 అక్షరాలు. బిల్లు రద్దుచేసి సవరిస్తే చివర "-1" అని రెండక్షరాలు చేరతాయి, వాటికీ చోటుండాలి. ఆ రెండంకెలు క్యాలెండర్ సంవత్సరానివి కాబట్టి జనవరిలోనే సిరీస్ మారుతుంది. తప్పేం కాదు గానీ జీఎస్టీఆర్-1 టేబుల్ 13లో (డాక్యుమెంట్ల పట్టికలో) ఏడాదికి రెండు సిరీస్‌లు చూపాల్సి వస్తుంది. అది వద్దనుకుంటే ఏప్రిల్‌లో మీరే కొత్త సిరీస్ పెట్టండి.

రేట్ల మార్పు సంగతి. 22 సెప్టెంబరు 2025 నుంచి డ్రిప్, స్ప్రింక్లర్ల సామాను మీద పన్ను 12 నుంచి 5 శాతానికి వచ్చింది. ఈఆర్‌పీనెక్స్ట్‌లో ఐటెం ట్యాక్స్ వరుసలో "ఎప్పటినుంచి" అనే తేదీ గడి ఉంది. పాత వరుస చెరపకుండా కొత్త వరుస 22-09-2025 తేదీతో చేర్చండి. గ్నూక్యాష్‌లో ఆ సౌకర్యం లేదు. అక్కడ 12 శాతం ట్యాక్స్ టేబుల్‌ని దిద్ది 5 చేయకండి, 5కి కొత్త టేబుల్ చేసి పాతది అలాగే ఉంచండి. 22కి ముందు 12 శాతంతో వేసిన బిల్లు మీద సరుకు తిరిగొస్తే క్రెడిట్ నోటు 12 శాతంతోనే వేయాలి, అది ఆ పాత బిల్లుని తగ్గించే కాగితం. ఈఆర్‌పీనెక్స్ట్‌లో క్రెడిట్ నోటుని కొత్తగా సృష్టించకుండా పాత బిల్లు తెరిచి అక్కడినుంచి రిటర్న్ తీయండి, పాత పన్ను దానితోపాటే వస్తుంది.

సంస్థని ఎప్పుడైనా ప్రైవేట్ లిమిటెడ్ చేసే ఆలోచన ఉంటే ఇంకోటి చూసుకోండి. 1 ఏప్రిల్ 2023 నుంచి కంపెనీలు ప్రతి మార్పునీ నమోదు చేసే, ఆపడానికి వీల్లేని ఎడిట్ లాగ్ ఉన్న సాఫ్ట్‌వేరే వాడాలి. భాగస్వామ్య సంస్థకి ఆ నిబంధన లేదు. గ్నూక్యాష్‌లో రెడ్ లైన్ అని పాత ఎంట్రీలని ఆపే సెట్టింగ్ ఉంది గానీ, ఎవరైనా ప్రాపర్టీస్‌లోకి వెళ్లి తీసేయొచ్చు. ఆడిటర్ దాన్ని లాగ్ కింద ఒప్పుకోరు.

పాము_లెక్కలు

రెండు రిజిస్ట్రేషన్లున్నాయని ఇప్పుడే తెలిసింది. స్టాకు కూడా పుస్తకంలోనే నడపాలంటే బాబ్జీ గారు చెప్పిందే సరైనది, గ్నూక్యాష్‌ని అంత దూరం లాగకూడదు. స్టాకు వేరే రిజిస్టర్లో ఉంటే మాత్రం నేను చెప్పిన ఏర్పాటు చాలు.

ఏపీఐ దారి పట్టేవాళ్లకి ఒక మాట. ఈ స్థాయి సంస్థలు మామూలుగా జీఎస్‌పీ (అనుమతి ఉన్న మధ్యవర్తి సంస్థ) ద్వారా వెళ్తాయి. పోర్టల్‌లో లాగిన్ యూజర్ వేరు, ఏపీఐ యూజర్ వేరు, జీఎస్‌పీని ఎంచుకుని విడిగా సృష్టించాలి. టోకెన్ (లాగిన్ అనుమతి) ఆరు గంటలుంటుంది, ప్రతి బిల్లుకీ కొత్త టోకెన్ అడగొద్దు. నెట్ తెగి జవాబు రాకపోతే బిల్లు వెళ్లలేదని అనుకోకండి. మళ్లీ పంపితే 2150 ఎర్రర్ వస్తుంది. ఐఆర్‌ఎన్ అప్పటికే పుట్టిందని దాని అర్థం. అమ్మేవాళ్ల జీఎస్టీఐఎన్, ఆర్థిక సంవత్సరం, డాక్యుమెంట్ రకం, నంబరు కలిపి చేసిన హ్యాషే ఐఆర్‌ఎన్ కాబట్టి అవే నాలుగూ పంపితే అదే వస్తుంది. డాక్యుమెంట్ వివరాలతో ఐఆర్‌ఎన్ తెచ్చుకునే కాల్ ఉంది, అది వాడండి. నంబరు మార్చి కొత్తగా పంపితే ఒకే సరుకుకి రెండు అమ్మకాలు పడతాయి.

పన్ను_పద్దు

రద్దు గురించి కూడా చెప్పాలి. ఐఆర్‌ఎన్ వచ్చిన 24 గంటల్లోపే పోర్టల్‌లో రద్దు చేయగలరు, దానిమీద ఈ-వే బిల్లు (సరుకు రవాణా పత్రం) నడుస్తుంటే ముందు దాన్ని రద్దు చేయాలి. ఐఆర్‌ఎన్‌ని సవరించడమంటూ లేదు. రద్దయిన నంబరు మళ్లీ వాడటానికి రాదు, టేబుల్ 13లో రద్దయినవాటి కింద చూపాలి. 24 గంటలు దాటితే క్రెడిట్ నోటే దారి. 10 కోట్లు, ఆపైన టర్నోవర్ ఉన్నవాళ్లకి 1 ఏప్రిల్ 2025 నుంచి 30 రోజుల గడువు కూడా వచ్చింది, ఆ తర్వాత పోర్టల్ బిల్లునే తీసుకోదు. మీకది వర్తించదు గానీ ఐఆర్‌ఎన్ లేని బిల్లు నిబంధన 48(5) ప్రకారం బిల్లే కాదు, కొన్నవాళ్ల ఐటీసీ (కొనుగోలు మీద కట్టిన పన్నుకి వచ్చే జమ) చిక్కులో పడుతుంది. లారీ కదిలేలోపు తీయండి.

నెలాఖరు పని: ఐఆర్‌ఎన్ వచ్చిన బిల్లులు జీఎస్టీఆర్-1లోకి వాటంతటవే చేరతాయి. వాటిని మళ్లీ మీ జేసన్‌లో పెట్టి ఎక్కిస్తే సోర్సు, ఐఆర్‌ఎన్ గడులు ఖాళీ అయిపోతాయి. మీ జీఎస్టీఆర్-1 జేసన్‌లో బీటుసీ అమ్మకాలు, హెచ్‌ఎస్‌ఎన్ పట్టిక, డాక్యుమెంట్ల పట్టిక మాత్రమే ఉంచండి. వేరే రాష్ట్రం బీటుసీ బిల్లు లక్ష దాటితే విడిగా చూపాలి, 2024 ఆగస్టు ముందు ఆ హద్దు రెండున్నర లక్షలు, పాత స్క్రిప్టుల్లో ఇంకా అదే ఉంటుంది. 11వ తేదీ ఫైలింగ్‌కి ముందు పోర్టల్‌లో చేరిన బిల్లులని దించుకుని, పాము_లెక్కలు గారు చెప్పిన ఫైల్లోని ఐఆర్‌ఎన్‌లతో ఒక్కొక్కటిగా సరిపోల్చండి. 2025 జులై నెల నుంచి జీఎస్టీఆర్-3బీలో (పన్ను కట్టే రిటర్నులో) అమ్మకాల పన్ను అంకెలు చేత్తో దిద్దడానికి వీల్లేదు. తప్పు మిగిలితే 3బీ వేసేలోపు జీఎస్టీఆర్-1ఏ (జీఎస్టీఆర్-1ని సవరించే ఫారం) లోనే దిద్దాలి.